గేమ్ గైడు కొనాలా వద్దా: ఆ ప్రశ్న వెనకున్న 40 ఏళ్లు

తిరుపతిలో ఇప్పుడు ప్లేస్టేషన్ ఉన్న ఇళ్లూ, గేమింగ్ ల్యాప్‌టాప్ ఉన్న హాస్టల్ గదులూ వింత కాదు. ఎస్వీ యూనివర్సిటీ చుట్టుపక్కల గదులు తీసుకుని చదువుకునే పిలకాయలు ఈమధ్య తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, జెల్డా గైడు ఆన్‌లైన్‌లో చూసినా. గట్టి అట్ట, బొమ్మలు బ్రహ్మాండంగా ఉండాయి. రేటు మాత్రం వేలల్లో ఉంది. యూట్యూబ్‌లో అంతా ఊరికే దొరుకుతుంటే దీన్ని కొనాల్నా?"

జవాబు ఆటను బట్టి మారుతుంది. ఎందుకు మారుతుందో తెలియాలంటే, ఆటలో ఎక్కడ ఏముందో, ఎలా గెలవాలో చెప్పే పుస్తకాలైన ఈ గైడ్లు ఎక్కడ పుట్టాయో, ఎలా మూతపడ్డాయో, అవి మన ఊరికి రాకపోయినా మనవాళ్లు ఎలా నెట్టుకొచ్చారో చూడాలి.

1980ల మొదట్లో కంప్యూటర్ ఆటల్లో బొమ్మలు తక్కువ. అమెరికాలోని ఇన్ఫోకామ్ సంస్థ ఆటలైతే పూర్తిగా అక్షరాలే. 'ఉత్తరానికి వెళ్లు', 'దీపం తీసుకో' అని ఇంగ్లిషులో టైపు చేస్తే కథ కదులుతుంది. వాటిలో జోర్క్ పేరుమోసింది. ఒక చిక్కుముడి దగ్గర ఆగిపోతే వారాల తరబడి అక్కడే. అలా ఆగిపోయినవాళ్ల కోసం 'ఇన్విజిక్లూస్' అనే చిన్న పుస్తకాలు వచ్చాయి. ప్రశ్నలు మామూలుగానే అచ్చయి ఉంటాయి, జవాబులు మాత్రం కంటికి కనిపించని సిరాతో ఉంటాయి. పుస్తకంతో ఇచ్చిన పెన్నుతో రుద్దితే జవాబు తేలుతుంది. అదీ అంచెలంచెలుగా. మొదటి గడిలో చిన్న సూచన, తర్వాతి దాంట్లో కాస్త పెద్దది, చివరి గడిలో అసలు సమాధానం. ఎంతవరకు రుద్దాలన్నది ఆడేవాళ్ల ఇష్టం. ఆడేవాళ్ల బుర్రను ఇంతగా గౌరవించిన పద్ధతి గైడ్ల చరిత్రలో మళ్లీ రాలేదని నా నమ్మకం.

జపాన్‌లో గైడ్లు జనంలోకి వెళ్లిన తీరు వేరు. 1985లో సూపర్ మారియో బ్రదర్స్ అనే ఆట వచ్చినప్పుడు దాని రహస్యాలు విప్పే పుస్తకాన్ని తోకుమా షోతెన్ సంస్థ వేసింది. నవలల్నీ జీవితకథల్నీ తోసుకుని ఆ పుస్తకం దేశంలోని అమ్మకాల పట్టికల్లో పైకెక్కింది. మరుసటి ఏడాది జెల్డా వచ్చింది. ఏ పొదను కాలిస్తే మెట్లు బయటపడతాయో, ఏ గోడకు బాంబు పెడితే దారి తెరుచుకుంటుందో అందులో చాలాచోట్ల తెర మీద చెప్పరు. ఒకరికొకరు చెప్పుకుని ఆడాల్సిన ఆట అది. చెప్పే తోడు లేనివాళ్లు అమెరికాలో, ఆ ఆట చేసిన నింటెండో సంస్థ ఆఫీసుకు ఫోన్ చేసేవారు. ఆ ఫోన్లకు జవాబివ్వడమే ఉద్యోగంగా ఉన్న మనుషులు అక్కడ ఉండేవారు. 1988లో ఆ సంస్థే నింటెండో పవర్ అనే పత్రిక తెచ్చింది. మ్యాపులు, చిట్కాలతో నిండిన ఆ పత్రిక 2012 డిసెంబరు దాకా నడిచింది. దాచేదీ వాళ్లే, దాచింది చెప్పి డబ్బు తీసుకునేదీ వాళ్లే. గైడు కొనడం దండగేమో అన్న అనుమానం అప్పుడే మొదలైంది.

గైడ్లు వేసే సంస్థలు ప్రైమా 1990లో, బ్రేడీగేమ్స్ 1993లో రంగంలోకి దిగాయి. ఆట విడుదలైన రోజే షాపులో దాని పక్కన గైడు ఉండాలన్నది వాళ్ల లెక్క. అందుకని రాసేవాళ్లకు ఇంకా పూర్తికాని ఆటను ముందే ఇచ్చేవారు. వాళ్లు రాత్రింబవళ్లు ఆడి, మ్యాపులు తయారుచేయించి, విడుదలకు ఎంతో ముందే ప్రెస్సుకు పంపేయాలి. ఆ తర్వాత ఆటలో ఏం మార్చినా పుస్తకంలో మారదు. పాత గైడ్లలో కనిపించే తప్పుల్లో చాలావాటికి ఈ తొందరే కారణం. రాసినవాళ్ల శ్రమను మాత్రం తక్కువ చేయలేం. ఒక ఆటలోని ప్రతి గదినీ, ప్రతి పెట్టెనూ, ప్రతి శత్రువు బలాన్నీ ఓపిగ్గా లెక్కగట్టి పేజీల్లోకి ఎక్కించడం పెద్ద పని.

కొనేవాళ్ల నమ్మకాన్ని బాగా దెబ్బతీసింది మాత్రం 2000లో ఫైనల్ ఫ్యాంటసీ 9 అనే ఆటకి బ్రేడీగేమ్స్ వేసిన గైడు. అందులో ముఖ్యమైన చోట్ల వివరం బదులు ఒక కోడ్ పదం ఇచ్చారు. ప్లేఆన్‌లైన్ అనే వెబ్‌సైటులో ఆ పదం కొడితేగానీ అసలు విషయం తెలియదు. డబ్బు పెట్టి పుస్తకం కొన్నవాళ్లను నెట్‌కు పొమ్మన్నారు. గేమ్‌ఫ్యాక్స్ అనే సైటులో ఆటగాళ్లు తామే రాసిన గైడ్లు 1995 నుంచీ ఊరికే దొరుకుతున్నాయి. నెట్‌కు దారి చూపించాక జనం మళ్లీ పుస్తకం దగ్గరికి ఎందుకొస్తారు?

ఈ గొడవేదీ తిరుపతికి తెలియదు, ఎందుకంటే ఆ పుస్తకాలే ఇక్కడికి రాలేదు. గాంధీ రోడ్డులో గానీ, అటు చిత్తూరులో గానీ పుస్తకాల షాపుకెళ్లి గైడు అడిగితే పదో తరగతిదా, ఇంటర్‌దా అని అడిగేవారు. 1990ల్లో ఇళ్లలోకి వచ్చిన వీడియో గేమ్ పెట్టెలు కూడా నింటెండోకు నకళ్లే. ఒకే క్యాసెట్‌లో వందల ఆటలని పైన రాసుండేది, వేసి చూస్తే తిప్పితిప్పి అవే కొన్ని. కాంట్రా అనే ఆటలో 30 ప్రాణాలు రావాలంటే పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఎ నొక్కాలన్న సంగతి వేసవి సెలవులకు మద్రాసు నుంచి వచ్చిన ఏ పెదనాన్న కొడుకో చెబితేనే తెలిసేది. ఆ మీటల వరుసను మొదట గ్రేడియస్ అనే ఆటలో పెట్టింది ఆటలు చేసే కోనామి సంస్థ ఉద్యోగి కజుహిసా హషిమోటో. ఆ ఆటను పరీక్షించడం తనకే కష్టమై పెట్టుకున్న వెసులుబాటు అది. ఆయన 2020లో కన్నుమూశారు. ఆ పేరు ఎవరికీ తెలియకపోయినా ఆయన కనిపెట్టిన వరుస చిత్తూరు జిల్లా పల్లెల దాకా నోటిమాటగా చేరింది.

2000 దాటాక నెట్ సెంటర్ల కాలం. ఆట సీడీలు మద్రాసు బర్మా బజారు నుంచో, రిచీ స్ట్రీట్ నుంచో సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వచ్చిన ఎవరో ఒకరి బ్యాగులో ఉండేవి. దొంగ కాపీలు కావడంతో పెట్టె, మాన్యువల్ ఏవీ ఉండవు. దాంతో పిలకాయలు గైడును సొంతంగా రాసుకున్నారు. లాంగ్ నోట్‌బుక్ చివరి పేజీల్లో వైస్ సిటీ అనే ఆటకు చీట్ కోడ్లు, అంటే ఆటను సులువు చేసే దొడ్డిదారి మాటలు, ఉండేవి: 'పాంజర్' కొడితే యుద్ధట్యాంకు, 'లీవ్‌మీఎలోన్' కొడితే పోలీసులు వదిలేస్తారు, 'ఆస్పిరిన్' కొడితే ఆరోగ్యం నిండుతుంది. శాన్ ఆండ్రియాస్ అనే ఆటకైతే 'హెసోయామ్'. ఒక్క అక్షరం తప్పినా పనిచేయదు కాబట్టి ఇంగ్లిషు స్పెల్లింగు బాగా వచ్చినవాడి నోట్‌బుక్కుకు మంచి గిరాకీ.

చీట్ కోడ్ వేరు, గైడు వేరు. వైస్ సిటీ ఆడినవాళ్లకు ఈ తేడా ఒక్క మిషన్‌తో తెలిసొచ్చింది. రిమోట్‌తో నడిచే బొమ్మ హెలికాప్టర్‌తో, కడుతున్న బిల్డింగులోకి దూరి నాలుగు బాంబులు పెట్టి రావాలి. ట్యాంకు కోడ్ అక్కడ పనికిరాదు. ఎంతోమంది ఆట అక్కడితో ఆగిపోయింది. గడియారం మొదలయ్యేది మొదటి బాంబు ఎత్తినప్పుడే. దానికి ముందే ఖాళీ హెలికాప్టర్‌తో లోపలికెళ్లి, రెక్కలతో కాపలావాళ్లను పడగొట్టి, మెట్లెక్కడున్నాయో చూసుకుని రావచ్చు. గేమ్‌ఫ్యాక్స్ నుంచి ప్రింటు తీసుకున్న కాగితాల్లో ఇది చదివినప్పుడు కలిగిన ఆనందం నాకిప్పటికీ గుర్తుంది. ఆట నియమాన్ని ఎక్కడా మీరకుండా, కళ్లెదుటే ఉన్నదాన్ని చూడటం నేర్పిన సలహా అది. మంచి గైడుకు డబ్బు పెట్టొచ్చు అంటే ఇలాంటి సలహాల కోసమే.

తర్వాత ఆటలే మారిపోయాయి. కొన్నాక కూడా నెట్ ద్వారా అప్‌డేట్లు వచ్చి తుపాకుల బలం, శత్రువుల తీరు మారిపోవడం మామూలైంది. 2015లో బ్రేడీగేమ్స్ ప్రైమాలో కలిసిపోయింది. 2018 నవంబరులో ప్రైమా కూడా మూసేస్తున్నట్టు ప్రకటించింది, 2019లో దుకాణం కట్టేసింది. ఇక్కడేమో 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ప్రతి ఫోన్లో వీడియోలు. పబ్జీ మొబైల్ 2020లో నిషేధమైంది, 2021లో బీజీఎంఐగా తిరిగొచ్చింది. అలాంటి ఆటకు అచ్చు గైడు ఎవరైనా అమ్మజూపితే దండం పెట్టి వచ్చేయండి. సీజన్ మారగానే ఆ పుస్తకం పాతబడుతుంది. అక్కడ నేర్చుకోవాల్సింది బాగా ఆడేవాళ్లను చూసి, స్నేహితులతో ఆడి.

ఒంటరిగా ఆడే పెద్ద ఆటల సంగతి వేరు. పిగ్గీబ్యాక్ సంస్థ 2017లో వేసిన బ్రెత్ ఆఫ్ ద వైల్డ్ గైడునే తీసుకోండి. ఆ జెల్డా ఆటలో మొదటి నుంచీ ఉన్న గుళ్లే 120, వెతికి పట్టుకోవాల్సిన కొరోక్ గింజలు 900. వీడియోలో 900 గింజలు వెతకడం నరకం. పది సెకన్ల విషయం కోసం ముందుకీ వెనక్కీ జరుపుతూ, ప్రకటనలు చూస్తూ, మనం ఇంకా చేరని చోటు కూడా పొరపాటున చూసేస్తాం. విప్పి పరిచిన కాగితపు మ్యాపులో కావాల్సిన మూల మాత్రమే చూసుకుని మూసేయొచ్చు. అయితే అదనపు భాగాలు వచ్చాక, 2018లో ఆ గైడుకు విస్తరించిన ఎడిషన్ వేయాల్సొచ్చింది. మొదటిరోజే కొన్నవాళ్ల చేతిలో అసంపూర్తి పుస్తకం మిగిలింది. ఎల్డెన్ రింగ్ అనే ఆటకు ఫ్యూచర్ ప్రెస్ సంస్థ మరో దారి పట్టింది. ఆటతో పాటే హడావిడిగా తేకుండా, ఆగి, లోతుగా పరిశీలించి సంపుటాలుగా వేసింది. శత్రువు కత్తి ఎత్తే తీరును బట్టి ఎటు తప్పుకోవాలో వివరించే పుస్తకాలవి. వేల రూపాయలు పెట్టినా నష్టమనిపించని రకం.

అందుకని నా సలహా ఇది. ఆట వచ్చిన కొత్తలో గైడు కొనొద్దు. అదనపు భాగాలన్నీ వచ్చి, ఆట ఇక మారదనిపించాక, చివరి ఎడిషన్ చూసి కొనండి. ఒకసారి ఆడి వదిలేసే ఆటకు కొనొద్దు, నెలల తరబడి అందులోనే తిరగాలనిపించే ఆటకు కొనండి. ఆ డబ్బుతో ఇంకో ఆట వస్తుందనుకునే విద్యార్థి ఆటే కొనుక్కోవడం మేలు. అవసరమైన చోట గేమ్‌ఫ్యాక్స్ పాత పేజీలు ఇప్పటికీ చాలు.

ఈ కథలో నన్ను బాధపెట్టేది ఒక్కటే. 40 ఏళ్లుగా వచ్చిన ఈ గైడ్లు ఇంగ్లిషులో, జపనీసులో, యూరప్ భాషల్లో ఉన్నాయి. తెలుగులో ఆడి చూపించే వీడియోలు బోలెడున్నాయి, వాటిలో కొందరి మాటతీరు చాలా బాగుంటుంది కూడా. చేత్తో పట్టుకుని చదువుకునే తెలుగు గైడు మాత్రం నా కంటబడలేదు. మ్యాపులతో, ఇన్విజిక్లూస్ లాగా అంచెలంచెలుగా సూచనలిస్తూ, మన పిలకాయల మాటల్లో ఒక్క ఆటకైనా ఎవరైనా పూనుకుని రాస్తే అచ్చుకు ముందే డబ్బు కట్టడానికి నేను సిద్ధం.