కోటి రూపాయల బండికి రోగాలు రావా?

విశాఖ గాజువాక ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు. లగ్జరీ ఆఫ్‌రోడ్ బండ్ల మీద ఓనర్లు పడే గొడవలు రోజూ వింటుంటాను. కొన్ని నిజాలు, కొన్ని కావు.

అపోహ: నిన్నటిదాకా బాగున్న బండి ఒక్క రాత్రిలో కుంగిపోయింది.

చాలావరకు అలా కుంగదు. ఎయిర్ సస్పెన్షన్‌లో స్టీల్ స్ప్రింగుల బదులు గాలి నింపిన రబ్బరు తిత్తులుంటాయి. మడతపడే చోట రబ్బరు పగిలి గాలి పోతుంటే, కంప్రెసర్ మళ్లీ మళ్లీ నింపి నింపి చివరికి కాలిపోతుంది. మొన్న ఎంవీపీ కాలనీ నుంచి ఒకాయన బండి లాగించుకుని వచ్చారు. సబ్బునీళ్లు చల్లితే ముందు ఎడమ తిత్తి మడతలోంచి బుడగలు లేచాయి.

"పొద్దున్నే ఒక పక్కకి ఒరిగి ఉండేదా సార్?"

"రెండు నెలలుగా ఉంటోంది. స్టార్ట్ చేస్తే లేస్తోంది కదా అని ఊరుకున్నా."

అప్పుడే వచ్చుంటే తిత్తి ఒక్కటే మార్చేవాళ్లం. ఇప్పుడు కంప్రెసర్ కూడా పోయింది. అలాగని తప్పంతా ఆయనదే అనను. స్టీల్ స్ప్రింగంత కాలం ఈ తిత్తులు రావు. అమ్మేటప్పుడు ఆ ముక్క చెప్పేవాళ్లు తక్కువ.

అపోహ: తక్కువ తిప్పితే డీజిల్ బండి ఎక్కువ కాలం వస్తుంది.

సిరిపురం నుంచి ఆర్కే బీచ్, అక్కడి నుంచి ఇల్లు. ఇంజిన్ సరిగ్గా వేడెక్కకముందే ఆపేస్తారు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకు పొగలోని మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ ఫిల్టరు తప్పనిసరిలా అయింది. ఆ మసి కాలాలంటే బండి కాసేపు ఆగకుండా స్పీడు మీద నడవాలి. మధ్యలో ఆపేస్తుంటే, మసి కాల్చడానికి వదిలిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. ఆయిల్ లెవెల్ పెరిగిందంటే సంతోషపడకండి, వెంటనే చూపించండి. వారానికోసారి ఆనందపురం దాటి హైవే మీద అరగంట తోలండి.

అపోహ: ఆఫ్‌రోడ్ బండికి నీళ్లంటే లెక్కలేదు.

ఎయిర్ సస్పెన్షన్ ఉన్న ల్యాండ్ రోవర్ డిఫెండర్ 900 మిల్లీమీటర్ల లోతు దాకా వెళ్తుందని కంపెనీయే చెబుతుంది, కానీ మెల్లగా వెళ్తేనే. ఇంజిన్‌లోకి నీళ్లు పోతే పిస్టన్‌ని పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చు. వానలో బ్రిడ్జి కింద ఇంజిన్ ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. భీమిలి ఇసుకలో రీల్స్ తీసే తమ్ముళ్లు అదే సాయంత్రం బండి అడుగంతా మంచినీళ్లతో కడిగించాలి. ఉప్పు ముందు తినేది మీకు కనపడని బోల్టుల్నీ కనెక్టర్లనీ.

అపోహ: డ్యాష్‌బోర్డులో అయిదారు లైట్లు వెలిగితే బండి పనైపోయినట్టే.

ముందు బ్యాటరీ చెక్ చేయించండి. వోల్టేజి పడిపోతే బండిలోని ప్రతి మాడ్యూలూ, అంటే ఒక్కో పని చూసే చిన్న కంప్యూటరూ, తన గోడు తను వెళ్లబోసుకుంటుంది. వేరేచోట సస్పెన్షన్ మాడ్యూలు, రెండు వీల్ సెన్సర్లు మార్పించుకుని, అయినా లైట్లు ఆరక ఒకాయన మా దగ్గరికి వచ్చారు. బ్యాటరీ మాత్రం పాతదే. అది మార్చి, బండి కంప్యూటర్లో మిగిలిన ఎర్రర్ కోడ్‌లు చెరిపాం. లైట్లు మళ్లీ వెలగలేదు. ఆ పాత బిల్లు మాత్రం ఆయన ఇంకా పర్సులోనే పెట్టుకు తిరుగుతున్నారు.