ఊరి చరిత్రకూ గ్రంథాలయానికీ ఉన్న పాత చుట్టరికం

శాఖా గ్రంథాలయాల్లో ‘మన ఊరి చరిత్ర’ సమావేశం పెడితే కొత్త ఆలోచన అని మెచ్చుకుంటారు. నిజానికి తెలుగునాట గ్రంథాలయమూ చరిత్ర పరిశోధనా ఒకే ఇంట పెరిగాయి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం నెలకొల్పినవారిలో కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు ఉన్నారు. 1906లో విజ్ఞానచంద్రికా గ్రంథమాల వెనుకా వాళ్లే ఉన్నారు. చిలుకూరి వీరభద్రరావు ‘ఆంధ్రుల చరిత్రము’ మొదటి భాగం 1910లో వచ్చింది ఆ మాలలోనే. 1923లో లక్ష్మణరావు పోయాక ఆయన పేరుతో నడిచిన పరిశోధక మండలి 1935లో ‘తెలంగాణా శాసనములు’ అచ్చువేసింది.

కోస్తాలో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణం పెదపాలెం నుంచి పుస్తకాలను పడవకెక్కించి కాలువ గట్ల ఊళ్లకు పంపారు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం పాత పత్రికలను తూకానికి అమ్మకుండా దాచింది. పరిశోధకులు ఈనాటికీ అక్కడికి రైలెక్కి వెళ్తున్నారంటే ఆ ఒక్క అలవాటు వల్లే.

ఈ చుట్టరికం తెగింది ఎక్కడ? 1960 చట్టంతో జిల్లా గ్రంథాలయ సంస్థలు వచ్చాయి, ఇంటిపన్నుతో వసూలయ్యే సెస్సు నిలకడైన ఆధారమైంది. మంచిదే. కాకపోతే లెక్క పుస్తకాలదైపోయింది. వచ్చిన ప్రతి పుస్తకాన్నీ ఎక్కించే యాక్సెషన్ రిజిస్టరులో రచయిత, పేరు, ప్రచురణకర్త, వెల అని గడులుంటాయి. కరణం దస్త్రానికీ, బడి వార్షికోత్సవం కరపత్రానికీ వెల ఏమని రాస్తారు? ఎక్కించలేనిది బీరువాలోకి రాదు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు కొన్ని దస్త్రాలు ఆఫీసులకు చేరాయి, కొన్ని అటకల మీదే చెదలు పట్టాయి. వాటిని అడిగి తెచ్చుకునే పని ఏ గ్రంథాలయానికీ ఎవరూ అప్పగించలేదు.

ఇప్పుడు ఆ పని మళ్లీ మొదలుపెట్టేవారు ముందు తప్పేది తేదీల దగ్గర. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుందని అందరికీ తెలుసు. హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనం శక 1084, చిత్రభాను, మాఘ శుద్ధ త్రయోదశి. కలిపితే 1162. కానీ మాఘం జనవరి-ఫిబ్రవరి నెలల్లో పడుతుంది, అప్పటికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోతుంది. అసలు తేదీ 1163 జనవరి 19. పుష్యం చివర నుంచి ఫాల్గుణం దాకా ఉన్న శాసనాలకు 79 కలపాలి. పాత రెవెన్యూ కాగితాల్లో కనిపించే ఫసలీ సంవత్సరానికి కలపాల్సింది 590: ఫసలీ 1357 అంటే 1947-48. దాన్ని హిజ్రీ అనుకుంటే లెక్క దాదాపు పదేళ్లు వెనక్కి పోతుంది, 1948 పోలీసు చర్య నాటి కాగితం 1938-39 నాటిదైపోతుంది. తెలంగాణ భూమి చరిత్రకు 1954-55 ఖాస్రా పహణీ (ఏ సర్వే నెంబరు ఎవరి చేతిలో ఉందో రాసిన దస్త్రం) మొదటి మెట్టు, కోస్తాలో ఆర్‌.ఎస్‌.ఆర్‌. (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), అడంగల్ (ఏటేటా రాసే భూమి, పంట లెక్క) అడగాలి.

శాసనం ఫొటోకు మిట్టమధ్యాహ్నం వెళ్తే అక్షరం లేవదు. పొద్దువాలేటప్పుడు వెళ్లాలి, లేదా రాయికి ఆనించినట్టు పక్కనుంచి టార్చి వేయాలి. గాట్లలో నీడ పడి ‘ప’కూ ‘వ’కూ తేడా తెలుస్తుంది. ఒక వైపు వెలుగుతో ఒక ఫొటో, రెండో వైపు నుంచి ఇంకొకటి, పక్కన స్కేలు పెట్టి మూడోది. గాట్లలో సున్నమో తెల్ల పెయింటో నింపకూడదు: నింపినవాడు తనకు తోచిన అక్షరాన్నే నింపుతాడు, తరవాత చదివేవాడికి అదే శాసనమైపోతుంది. పాత పేపరు చిరిగితే సెల్లోటేపు అంటించడం మరో చేటు. కొన్నేళ్లకు జిగురు గోధుమరంగుకు తిరిగి ఆ వరుసనే తినేస్తుంది.

పెద్దలను సంవత్సరం అడిగితే తడుముకుంటారు. దివిసీమలో ‘ఉప్పెనకు ముందా, తరవాతా’ అనండి, 1977 నవంబరు వచ్చి కూర్చుంటుంది. నల్లగొండ వైపు రజాకార్ల రోజులు అలాంటి గుర్తు. ఒకరి మాటను ఇంకొకరితో సరిచూడకుండా గోడమీద బోర్డు రాయించకండి, చెరిపించడానికి గొడవలవుతాయి.

రిజిస్టరు చిక్కుకు వేరే పుస్తకం పెట్టుకోవడమే దారి. వరుస నెంబరు, వస్తువు, ఇచ్చినవారు, ఎక్కడ దొరికింది, ఏ తేదీన వచ్చింది, కానుకా లేక స్కాను చేసి తిరిగి ఇచ్చేదా అని ఆరు గడులు. స్కాను 300 డి.పి.ఐ.కి తగ్గకూడదు. నెంబరు కాగితం వెనుక మెత్తటి పెన్సిలుతో వేయాలి, బాల్‌పెన్నుతో కాదు. ఆఖరి గడి ఖాళీగా వదిలితే, ఇచ్చినాయన మనవడు వచ్చి ‘మా తాత దస్త్రం ఏది?’ అని నిలదీసిన రోజున చూపించడానికి ఏమీ ఉండదు.