200 ఎంబీపీఎస్ ఉన్నా గేమ్ ఎందుకు ల్యాగ్ అవుతోంది? అపోహలు – వాస్తవాలు

రాత్రి తొమ్మిది దాటాక నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకటే మాట: "అన్నా, పింగ్ కొడుతోంది, గేమ్ ఆడలేకపోతున్నా." అంటే గేమ్ ఆలస్యంగా స్పందిస్తోందని. విజయవాడలో ఫైబర్ కనెక్షన్లు వేయడం, రిపేర్లు చూడడం నా పని. పదకొండేళ్లుగా ఇదే చేస్తున్నాను.

పిల్లల ఆటే కదా అని ఈ ఫోన్లను పక్కన పెట్టేవాళ్లు ఉంటారు. నేను పెట్టను. ఐదుగురు ఆడే ర్యాంక్ మ్యాచ్‌లో ఒకడి నెట్ పోతే మిగతా నలుగురూ నష్టపోతారు, మధ్యలో వెళ్లిపోయాడని వాడికి పెనాల్టీ కూడా పడుతుంది. పైగా లైన్లో లోపం ఉంటే ముందుగా తెలిసేది గేమ్ ఆడేవాళ్లకే. యూట్యూబ్ వీడియో కొన్ని సెకన్ల ముందు భాగాన్ని దాచిపెట్టుకుని నడుస్తుంది కాబట్టి చిన్న చిన్న అంతరాయాలు కనిపించవు. గేమ్‌కి ఆ వీలు లేదు, ఏ క్షణం సమాచారం ఆ క్షణమే అందాలి.

అపోహ: పెద్ద ప్లాన్ వేయించుకుంటే పింగ్ తగ్గుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా డబ్బు పోగొట్టే అపోహ ఇదే. గేమ్ ఆడేటప్పుడు వెళ్లేవి, వచ్చేవి చాలా చిన్న ప్యాకెట్లు, అంటే సమాచారపు ముక్కలు. మామూలుగా ఒక మ్యాచ్‌కి 1 ఎంబీపీఎస్ కూడా పట్టదు. 40 నుంచి 200కి మారితే గేమ్ అప్‌డేట్ త్వరగా దిగుతుంది, అంతవరకే. పింగ్ అంటే మన ప్యాకెట్ సర్వర్ దాకా వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం. అది దూరాన్ని బట్టి, దారిలో ఎంతసేపు ఆగాల్సి వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఫైబర్ గాజులో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. విజయవాడ నుంచి ముంబై సర్వర్‌కి కేబుల్ దారి వెయ్యి కిలోమీటర్లు అనుకుంటే, రానూపోనూ 10 మిల్లీసెకన్లు కాంతికే కావాలి. మధ్యలో రౌటర్లు, చుట్టుదారులు కలుపుకుంటే 20 నుంచి 35 మధ్య వస్తే అది మంచి లైనే. చెన్నై నుంచి సింగపూర్‌కి సముద్రం కింద సుమారు 3,000 కిలోమీటర్లు, అంటే ఆ ఒక్క దూరానికే 30. కాబట్టి గేమ్ సెట్టింగ్స్‌లో సర్వర్ ఏ ఊరిది పెట్టారో ముందు చూడండి. ముంబై సర్వర్ ఉన్న గేమ్‌లో పొరపాటున సింగపూర్ ఎంచుకుని నెలల తరబడి ఆడినవాళ్లను చూశాను.

డాలస్‌లో ఉన్న అన్నయ్యతో ఇక్కడి తమ్ముడు కలిసి ఆడాలంటే మధ్య దూరం 14,000 కిలోమీటర్ల పైనే. అంటే 140 మిల్లీసెకన్లు కాంతికే పోతాయి, నిజంలో 200 దాటుతుంది. సర్వర్ ముంబైలో పెట్టుకుంటే ఆ కష్టం అన్నయ్యది, అమెరికాలో పెట్టుకుంటే తమ్ముడిది. యూరప్ సర్వర్ పెట్టుకుంటే ఇద్దరూ చెరిసగం పంచుకోవచ్చు. దీన్ని ఏ టెక్నీషియనూ తగ్గించలేడు.

అపోహ: స్పీడ్ టెస్ట్ బాగా వచ్చింది కాబట్టి లోపం గేమ్ సర్వర్‌లోనే ఉంది.

పటమటలో ఒక ఇంటి సంగతి చెబుతాను. ఇంటర్ చదివే అబ్బాయి, 40 ఎంబీపీఎస్ ప్లాన్, రౌటర్ నుంచి కంప్యూటర్‌కి వైరు. పింగ్ 25 ఉండాల్సింది రాత్రిపూట మూడొందలు దాటుతోందని ఫిర్యాదు. రెండుసార్లు పగలు వెళ్లాను. రెండుసార్లూ 24, 25, ఎక్కడా కదలలేదు. వాళ్లమ్మ గారు, "బాబూ, మీరు వచ్చినప్పుడు బాగానే ఉంటుంది, వెళ్లాకే మొదలవుతుంది" అన్నారు. ఆ మాటలోనే అసలు కిటుకు ఉంది. మూడోసారి రాత్రి తొమ్మిదింటికి వెళ్లి కూర్చున్నాను.

కమాండ్ ప్రాంప్ట్ కిటికీలు మూడు తెరిచాం. మొదటిదానిలో ఇంటి రౌటర్‌కి పింగ్ (చాలా ఇళ్లలో 192.168.1.1 ఉంటుంది). రెండోదానిలో రౌటర్ దాటాక వచ్చే మొదటి హాప్‌కి, అంటే మా ఆఫీసు వైపు పరికరానికి. ప్యాకెట్ వెళ్లే దారిలోని పరికరాలను వరుసగా చూపే ట్రేస్‌రూట్ (విండోస్‌లో tracert) కొడితే రెండో వరుసలో ఆ అడ్రస్ కనిపిస్తుంది. మూడోదానిలో బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి. విండోస్‌లో పింగ్ నాలుగు ప్యాకెట్లు పంపి ఆగిపోతుంది. అడ్రస్ తర్వాత స్పేస్ ఇచ్చి హైఫన్, చిన్న టి కొడితే మనం ఆపేదాకా నడుస్తుంది.

తొమ్మిదీ ఇరవైకి మొదటి కిటికీ 1 మిల్లీసెకను దగ్గరే ఉంది. రెండోది 4 నుంచి ఒక్కసారిగా 310, 340కి ఎక్కింది. మూడోదీ దానితో పాటే ఎక్కింది. అంటే ఇంట్లో వైరు బాగుంది, గేమ్ సర్వర్ దాకా అసలు పోనక్కర్లేదు. ఇంటి నుంచి మాకు వచ్చే లైన్లోనే ఏదో క్యూ కట్టింది. పక్క గదిలో చూస్తే వాళ్ల నాన్నగారి లాప్‌టాప్. ఆయన పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్. రోజూ భోజనం చేసి పెళ్లి వీడియోలు క్లౌడ్‌లోకి అప్‌లోడ్ పెడతారు. అప్‌లోడ్ లైను పూర్తిగా నిండిపోయి, అబ్బాయి గేమ్ ప్యాకెట్లు ఆ వీడియో ప్యాకెట్ల వెనక లైన్లో నిలబడుతున్నాయి. అప్‌లోడ్ ఆపమన్నాం, మూడు సెకన్లలో పింగ్ 25కి దిగింది.

దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. జిమ్ గెటిస్ అనే ఇంజినీరు 2010 ప్రాంతంలో తన ఇంటి లైన్లోనే గమనించి పెట్టిన పేరది. మామూలు స్పీడ్ టెస్ట్‌లో పైన కనిపించే పింగ్ లైను ఖాళీగా ఉన్నప్పటిది, అందుకే ఇది దొరకదు. లైను నిండుగా ఉన్నప్పుడు పింగ్ ఎంత అన్నది చూడాలి. వైద్యం కూడా సులువే. అప్‌లోడ్ సాఫ్ట్‌వేర్‌లో పరిమితి పెట్టుకోవచ్చు, ఆ ఇంట్లో 30 ఎంబీపీఎస్ పెట్టాం. లేదా రౌటర్‌లో ఎస్‌క్యూఎం అనే సదుపాయం ఉంటే, లైను వేగంలో 85–90 శాతానికి దాన్ని సెట్ చేస్తే అది చిన్న ప్యాకెట్లను వెనక పడనివ్వదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోగల రౌటర్లలో ఇది దొరుకుతుంది. గేమింగ్ రౌటర్ అని ఎర్ర లైట్లు, ఎనిమిది యాంటెన్నాలు ఉన్నదాన్ని వేలు పోసి కొనే ముందు ఈ ఒక్క సదుపాయం ఉందో లేదో అడగండి.

సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలతో నిండినప్పుడు గేమ్ పాడయ్యేది కూడా ఎక్కువగా ఇందుకే. పది ఫోన్లు, అన్నీ ముగ్గుల ఫొటోలు బ్యాకప్ చేస్తూ ఉంటాయి.

అపోహ: వైఫై గీతలన్నీ నిండుగా ఉన్నాయి కాబట్టి వైఫైలో లోపం లేదు.

గీతలు సిగ్నల్ బలం మాత్రమే చెబుతాయి, గాలి ఎంత రద్దీగా ఉందో చెప్పవు. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి అడ్డు రాని చానళ్లు మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో పాతిక రౌటర్లు ఆ మూడింటినే పంచుకోవాలి. ఎవరి వంతు వచ్చేదాకా వాళ్లు ఆగాలి, ఆ ఆగడమే గేమ్‌లో జర్క్. మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ పక్కనే పనిచేస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌కి మారితే చాలా తేడా ఉంటుంది, కాకపోతే కాంక్రీటు గోడలు దాటడం దానికి కష్టం. కంప్యూటర్ అయితే వైరు లాగించేయండి, దాన్ని మించింది లేదు. మొదటి కిటికీలో, అంటే సొంత రౌటర్‌కి కొట్టిన పింగ్‌లోనే 40, 80 అంకెలు కనిపిస్తే మాకు ఫోన్ చేయకముందే తెలిసిపోతుంది, లోపం ఇంట్లోనే అని.

అపోహ: పింగ్ తక్కువ ఉంటే కనెక్షన్ బాగున్నట్టే.

పింగ్ 80 ఉండి నిలకడగా ఉన్న లైన్లో హాయిగా ఆడొచ్చు. పింగ్ 20 ఉండి నూటికి మూడు ప్యాకెట్లు పోతున్న లైన్లో ఆడలేరు. వేగంగా నడిచే గేమ్‌లు ఎక్కువగా యూడీపీ అనే పద్ధతిలో ప్యాకెట్లు పంపుతాయి, అందులో పోయిన ప్యాకెట్‌ని నెట్‌వర్క్ మళ్లీ పంపదు. మీరు కాల్చిన తూటా ఆ ప్యాకెట్‌లో ఉంటే, గేమ్ తనంతట తాను సర్దుకునేదాకా సర్వర్‌కి అది తెలియదు.

ఇలాంటి కేసుల్లో నేను ముందు ఫైబర్‌లో వెలుగు బలాన్ని కొలిచే పవర్ మీటర్ తీస్తాను. మామూలు జీపాన్ లైన్లో, అంటే ఇళ్లకి వేసే ఫైబర్ లైన్లో, ఇంటి బాక్స్‌కి వెలుగు మైనస్ 8 నుంచి మైనస్ 27 డీబీఎం మధ్య అందాలి. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు. ఒక ఇంట్లో మైనస్ 29 వచ్చింది. కొత్తగా టీవీ యూనిట్ చేయించి గోడకి ఆనించారు, వెనక ప్యాచ్ కార్డ్ (బాక్స్‌కి వచ్చే చిన్న ఫైబర్ వైరు) విరిగినట్టు మడత పడి ఉంది. బాక్స్ మీద ఎర్ర లైటు రాలేదు, వీడియోలు ఆడుతున్నాయి, అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. యూనిట్ ముందుకి జరిపి కార్డ్ మార్చేసరికి మైనస్ 21. ఫైబర్‌ని ఎప్పుడూ గుండ్రంగా చుట్టండి, మడత పెట్టొద్దు.

అపోహ: ట్రేస్‌రూట్‌లో చుక్కలు వస్తే అక్కడే లైను తెగింది.

కాదు. మధ్యలో ఉన్న చాలా రౌటర్లు ఇలాంటి పరీక్ష ప్యాకెట్లకు జవాబు ఇవ్వవు, లేదా తీరిక దొరికినప్పుడు ఇస్తాయి. వాటి అసలు పని మీ ప్యాకెట్‌ని ముందుకి పంపడం. ఒక హాప్‌లో కనిపించిన నష్టం ఆ తర్వాత చివరిదాకా కొనసాగితేనే దాన్ని లోపంగా తీసుకోవాలి.

అపోహ: డీఎన్ఎస్ మార్చితే, వీపీఎన్ పెడితే, పోర్టులు తెరిస్తే పింగ్ తగ్గుతుంది.

డీఎన్ఎస్ పని పేరుని అడ్రస్‌గా మార్చడం. మ్యాచ్ మొదలయ్యాక దానితో పనిలేదు. వీపీఎన్ మీ ప్యాకెట్లను వేరే సర్వర్ గుండా తిప్పుతుంది, కాబట్టి మామూలుగా దారిని పొడిగిస్తుంది. మీ కంపెనీ ప్యాకెట్లను చుట్టుదారిలో పంపుతున్నప్పుడు మాత్రం నిజంగానే తగ్గించగలదు, అందుకే ఒకటి రెండు రోజులు ఉచితంగా వాడి అంకెలు చూశాకే డబ్బు కట్టండి.

పోర్టుల సంగతి వేరు. అవి బయటివాళ్లు మీ ఇంటి కనెక్షన్‌లోకి వచ్చే తలుపుల్లాంటివి. వాటిని తెరవడం పింగ్‌కి మందు కాదు. "నాట్ టైప్ స్ట్రిక్ట్" (బయటివాళ్లు మీతో నేరుగా కలవలేకపోతున్నారన్న హెచ్చరిక) అని వచ్చినప్పుడు, పార్టీలో స్నేహితుడి మాట వినిపించనప్పుడు, ఇంట్లో మైన్‌క్రాఫ్ట్ సర్వర్ పెట్టి 25565 పోర్టు తెరిచినా ఎవరూ చేరలేనప్పుడు దాన్ని చూడాలి. ఐపీవీ4 అనే పాత ఇంటర్నెట్ అడ్రస్ పద్ధతిలో ఉన్నవి సుమారు 430 కోట్ల అడ్రసులే. అందుకే చాలా కంపెనీలు ఒక అడ్రస్‌ని ఎంతోమంది కస్టమర్లకి పంచుతాయి. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (బయటి వైపు అడ్రస్) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు అలాంటి పంపకంలో ఉన్నట్టే, మీ ఇంట్లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటి తలుపు మీ చేతిలో లేదు. స్టాటిక్ ఐపీ, అంటే మీకే కేటాయించిన అడ్రస్, తీసుకోవాలి, లేదా కలిసి ఆడే ఇద్దరికీ కొత్త పద్ధతి ఐపీవీ6 ఉంటే దాన్ని వాడాలి. కంపెనీ బాక్స్ వెనక సొంత రౌటర్ కూడా పెట్టుకుని ఉంటే తలుపులు రెండవుతాయి, కాబట్టి రెండింటిలో ఒకదాన్ని బ్రిడ్జ్ మోడ్‌లోనో యాక్సెస్ పాయింట్ మోడ్‌లోనో పెట్టించుకోండి.

ఇంకొక చిన్న విషయం: పింగ్ అంకె నిలకడగా ఉండి బొమ్మ మాత్రం ఆగి ఆగి కదులుతుంటే చాలాసార్లు అది నెట్ కాదు, ఫోన్ వేడెక్కడం. ఎండాకాలంలో ఛార్జింగ్ పెట్టి ఆడేవాళ్లకి ఇది మరీ ఎక్కువ.

ఈసారి మీ టెక్నీషియన్‌కి ఫోన్ చేసేటప్పుడు "నెట్ స్లో" అని ఆపేయకండి. ఎన్ని గంటలకు మొదలైందో, వైరా వైఫైనా, ఆ టైమ్‌లో ఇంట్లో ఇంకేం నడుస్తున్నాయో చెప్పి, మూడు కిటికీల స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పెట్టండి. నాకైతే దాన్ని చూడగానే నిచ్చెన వేసుకుని స్తంభం దగ్గరికి వెళ్లాలో, కొత్త ప్యాచ్ కార్డ్ జేబులో పెట్టుకుని మీ ఇంటికి రావాలో తెలిసిపోతుంది.