ఎన్.డబ్ల్యు. అయర్ ఎందుకు పోయింది? ఏజెన్సీ వ్యాపారంపై అపోహలు - వాస్తవాలు

'ఎ డైమండ్ ఈజ్ ఫరెవర్' (వజ్రం శాశ్వతం) అన్న స్లోగన్ రాసిన ప్రకటనల ఏజెన్సీ ఎన్.డబ్ల్యు. అయర్ అండ్ సన్. 1869లో ఫిలడెల్ఫియాలో మొదలై 2002లో మూతపడింది. ఎందుకు పోయిందని అడిగితే "కాలంతో పాటు మారలేదు, క్రియేటివ్ పాతబడింది" అనేస్తారు. మీడియా బిల్లులు, కమిషన్ లెక్కలు చూసేవాళ్లకు ఆ జవాబు సరిపోదు.

అపోహ: పేరును బట్టి ఇది తండ్రి పెట్టి కొడుక్కి అప్పగించిన సంస్థ.

వాస్తవం: పెట్టింది, నడిపింది కొడుకు ఫ్రాన్సిస్ వేలాండ్ అయర్. అప్పటికి వయసు 21, చేతిలో 250 డాలర్లు. కుర్రాడి పేరు చూసి పత్రికలవాళ్లు అరువు ఇవ్వరు కాబట్టి బోర్డు మీద తండ్రి నాథన్ వీలర్ అయర్ పేరు పెట్టాడు. ఆ తండ్రి 1873లోనే పోయాడు. తొలి సరుకు మత పత్రికల్లోని ప్రకటనల స్థలం.

అపోహ: ఏజెన్సీ మొదటి నుంచీ క్లయింట్ తరఫు మనిషే.

వాస్తవం: కాదు. అప్పటి ఏజెంటు దళారి. పత్రికల్లో స్థలం టోకున కొనేవాడు, ప్రకటనదారుకి నోటికొచ్చిన ధర చెప్పేవాడు. పత్రిక అసలు ఎంత తీసుకుందో ప్రకటనదారుకి తెలిసే దారి లేదు. 1876లో అయర్, గులాబీ మొక్కలు అమ్మే డింగీ అండ్ కోనార్డ్ కంపెనీతో 'ఓపెన్ కాంట్రాక్ట్' రాసుకుంది. పత్రికకు కట్టిన ధర క్లయింట్‌కు చూపించి, దానిమీద ముందే ఒప్పుకున్న కమిషన్ మాత్రం తీసుకోవడం దాని సారం. అయర్ ఎదుగుదలకు పునాది ఏ స్లోగనూ కాదు, ఈ కాగితమే.

తర్వాతి రోజుల్లో పరిశ్రమంతా 15 శాతం దగ్గర స్థిరపడింది. ఈ లెక్క కొత్తగా చేరినవాళ్లు తరచూ తప్పు చేస్తారు. పత్రిక రేటు 100 డాలర్లయితే ఏజెన్సీ పత్రికకు 85 కడుతుంది, క్లయింట్‌కు 100 బిల్లు వేస్తుంది. అంటే కమిషన్ గ్రాస్ (క్లయింట్‌కు వేసే 100) మీద 15 శాతం, నెట్ (పత్రికకు కట్టే 85) మీద 17.65 శాతం. నెట్ ధరకు 15 శాతం కలిపి బిల్లు వేస్తే 97.75 వస్తుంది, మిగతా 2.25 డాలర్లు ఏజెన్సీ జేబులోంచి పోయినట్టే. మన దగ్గర కూడా ఇండియన్ న్యూస్‌పేపర్ సొసైటీ గుర్తింపున్న ఏజెన్సీలకు పత్రికలు ఇచ్చేది ఈ 15 శాతమే. కాబట్టి రిలీజ్ ఆర్డర్ (ప్రకటన వేయమని పత్రికకు ఇచ్చే ఆర్డరు) రాసే ప్రతివాళ్లూ ఈ తేడా తెలుసుకోవాలి.

ఈ పద్ధతిలో రెండు చిక్కులున్నాయి. క్లయింట్ డబ్బు ఆలస్యమైనా పత్రికకు గడువులోగా కట్టాల్సింది ఏజెన్సీయే. పని ఎంత చేసినా ఆదాయం మాత్రం క్లయింట్ ఖర్చును బట్టే వస్తుంది. అందరూ ఒకే రేటు వసూలు చేయడం పోటీకి విరుద్ధమంటూ అమెరికా న్యాయశాఖ దావా వేసింది. 1956లో ఏజెన్సీల సంఘం కోర్టులో రాజీకి (కన్సెంట్ డిక్రీ) ఒప్పుకుంది. ఆ తర్వాత పెద్ద క్లయింట్లు కమిషన్ మీద బేరమాడటం మొదలుపెట్టారు.

అపోహ: ఏజెన్సీ పనంటే కాపీ రాయడం, బొమ్మ గీయడం.

వాస్తవం: 1879లో నికల్స్ అండ్ షెపర్డ్ అనే నూర్పిడి యంత్రాల కంపెనీ అకౌంట్ (ఒక క్లయింట్ ప్రకటనల పని) కోసం అయర్ మనుషులు రాష్ట్రాల అధికారులకు, పత్రికలవాళ్లకు టెలిగ్రాములు ఇచ్చి ఏ ప్రాంతంలో ఎంత ధాన్యం పండుతోందో రాబట్టారు. ఆ వివరాల మీదే మీడియా ప్లాన్, అంటే ఏ పత్రికల్లో ప్రకటన వేయాలన్న లెక్క, కట్టారు. మార్కెట్ సర్వేకి మొదటి ఉదాహరణగా దీన్నే చెబుతారు.

1899లో నేషనల్ బిస్కెట్ కంపెనీ యునీడా బిస్కెట్ పని ఇంకా ముందుకు వెళ్లింది. అప్పటిదాకా క్రాకర్లు (కరకరలాడే పలచని బిస్కెట్లు) కిరాణా కొట్లో పీపాల్లో విడిగా అమ్మేవారు. తేమ పట్టి మెత్తబడేవి. వీటిని మైనపు కాగితం పొరతో మూసిన పెట్టెలో వేశారు. పెట్టె, వానకోటు వేసుకున్న పిల్లవాడి బొమ్మ, పత్రికా ప్రకటనలు అన్నీ ఒకే మాట చెప్పాయి: తడవదు. సరుకులో ఉన్న లోపాన్ని ముందు సరిచేసి, ఆ సవరణనే ప్రకటించారు. చాలా ప్రచారాలు తేలిపోయేది ఇక్కడే, సరుకు మారకుండా మాటలు మార్చడం వల్ల.

బొమ్మల విషయంలోనూ తలనొప్పులు తక్కువేం కాదు. 1939లో డోల్ కంపెనీ అనాసపండ్ల ప్రకటన కోసం చిత్రకారిణి జార్జియా ఓకీఫ్‌ను హవాయి పంపారు. ఆమె తిరిగొచ్చి ఇచ్చిన బొమ్మల్లో బొప్పాయి చెట్టు ఉంది, అనాస లేదు! చివరికి అనాస మొక్కనే తెప్పించి న్యూయార్క్‌లో ఆమె ఇంటికి చేర్చాల్సి వచ్చింది. ఎంత పెద్ద చేతికి పని అప్పగించినా, బొమ్మలో సరుకు కనిపించాలన్న షరతు ముందే రాసుకోవడం ఇందుకే.

అపోహ: స్లోగన్ హిట్టయితే అకౌంట్ ఎక్కడికీ పోదు.

వాస్తవం: వజ్రాల కంపెనీ డి బీర్స్ 1938లో అయర్ దగ్గరికి వచ్చింది. 'ఎ డైమండ్ ఈజ్ ఫరెవర్' అన్న నాలుగు మాటలు అయర్‌లో పనిచేసే ఫ్రాన్సెస్ జెరెటీ 1947లో రాసింది. 1999లో 'అడ్వర్టైజింగ్ ఏజ్' పత్రిక దాన్ని శతాబ్దపు స్లోగన్‌గా ఎంచింది. కానీ అప్పటికే, 1995లోనే, అకౌంట్ జె. వాల్టర్ థాంప్సన్ అనే మరో ఏజెన్సీకి వెళ్లిపోయింది. స్లోగన్ క్లయింట్ ఆస్తి, వెళ్లేటప్పుడు వెంట తీసుకుపోతారు. 1908 నుంచి ఉన్న టెలిఫోన్ కంపెనీ ఎటి అండ్ టి కూడా 1990ల నడుమ చేజారింది. 'బీ ఆల్ యూ కెన్ బీ' అన్న స్లోగన్‌తో నడిచిన అమెరికా సైన్యం అకౌంట్ అంతకుముందే, 1986లో కాంట్రాక్టు అక్రమాల ఆరోపణల మధ్య ఊడింది. మరుసటి ఏడాది యంగ్ అండ్ రూబికమ్ అనే ఏజెన్సీకి దక్కింది. ఈ మూడింటిలో ఏదీ ప్రకటన బాగాలేనందువల్ల చేజారలేదన్నది మా అంచనా.

అపోహ: బిల్లింగ్స్ (క్లయింట్లకు వేసే బిల్లుల మొత్తం) పెద్దవైతే ఏజెన్సీ గట్టిది.

వాస్తవం: బిల్లింగ్ ఆదాయం కాదు. ఉదాహరణకు 10 కోట్ల డాలర్ల అకౌంట్ అనుకోండి. పూర్తి 15 శాతం వచ్చినా చేతికందేది కోటిన్నర. అందులో సగానికి పైగా జీతాలకే పోతుంది. క్లయింట్ సాధారణంగా 90 రోజుల నోటీసుతో వెళ్లిపోవచ్చు. ఆఫీసు అద్దె ఒప్పందం మాత్రం ఏళ్ల తరబడి ఉంటుంది, సీనియర్లను తీసేస్తే సెటిల్‌మెంట్ కట్టాలి. అందుకే ఒక్క క్లయింట్ మీద ఆదాయంలో ఎంత వాటా ఆధారపడి ఉందో చూడకుండా ఏజెన్సీ బలం గురించి మాట్లాడకూడదు. పోటీ కంపెనీ అకౌంట్ తీసుకోకూడదన్న పద్ధతి వల్ల పెద్ద క్లయింట్ ఉన్నంతకాలం ఆ రంగంలో రెండోవాళ్లని చేర్చుకునే వీలూ ఉండదు. పెద్దది పోయిన రోజున ఆ రంగమంతా ఖాళీయే.

అపోహ: 2002లో హఠాత్తుగా కూలింది.

వాస్తవం: ప్రధాన కార్యాలయం 1970ల్లోనే ఫిలడెల్ఫియా వదిలి న్యూయార్క్ చేరింది. 1993లో కొరియా పెట్టుబడిదారు చేతికి వెళ్లింది, 1996లో మాక్‌మానస్ గ్రూప్ అనే ప్రకటనల సంస్థ కొంది. లియో బర్నెట్ అనే మరో ఏజెన్సీతో కలిసి ఆ గ్రూప్ 2000లో బికామ్3 అయింది. 2002లో ఫ్రాన్స్‌కు చెందిన పబ్లిసిస్ బికామ్3ని కొన్నప్పుడు అయర్ పేరును తీసేసి, మిగిలిన అకౌంట్లను కాప్లాన్ థేలర్ గ్రూప్ అనే ఏజెన్సీకి ఇచ్చేశారు. చాలా ఏజెన్సీలను చేతిలో పెట్టుకున్న హోల్డింగ్ కంపెనీ దృష్టిలో ఏజెన్సీ పేరుకు ఉన్న విలువ, ఆ పేరు కింద ఎన్ని అకౌంట్లు మిగిలాయన్నదే. 133 ఏళ్ల వయసు బ్యాలన్స్ షీట్‌లో ఏ పద్దు కిందా రాదు.