పళ్లు బిగిస్తే మూసుకునే కన్ను

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న గృహప్రవేశం నాడు బంతిలో మీకు ఎదురుగా కూర్చున్న పెద్దాయన అన్నం నమిలినప్పుడల్లా ఆయన కుడికన్ను మూసుకుంటూ తెరుచుకుంటూ ఉండడం చూసి, అలా ఎందుకు జరుగుతోందని మీరు నా చెవిలో అడిగారు. పదిమందిలో చెప్పే సంగతి కాదు కనుక అప్పటికి ఊరుకున్నాను. తరువాత ఆయననే అడిగితే, “పిల్లలకు చెప్పమ్మా, దాచవలసింది ఏముంది?” అన్నారు. అందుకని, కుష్ఠు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేసిన దానిని గనుక, నాకు తెలిసినంత వరకు వివరంగా రాస్తున్నాను.

ఆయనకు యౌవనంలో కుష్ఠు వ్యాధి వచ్చింది. పేరు పలకడానికి కూడా జంకి మన ఊళ్లలో దానిని పెద్దరోగం అనేవారు. పూర్వజన్మ పాపమనీ అనేవారు. నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లోనే దానికి కారణమైన సూక్ష్మజీవిని చూపించినా ఆ మాట మాత్రం చాలాకాలం పోలేదు. ఈ క్రిమి ఎంత నిదానంగా పెరుగుతుందంటే, ఒకటి రెండు కావడానికే సుమారు రెండు వారాలు పడుతుంది. శరీరంలో కాస్త చల్లగా ఉండే చోట్లంటే దానికి ఇష్టం: ముక్కు, చెవి తమ్మెలు, కనుబొమలు, చర్మానికి దగ్గరగా నడిచే నరాలు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సను వ్యాధి తీరును బట్టి ఆరు నెలలో, ఏడాదో వాడితే క్రిమి చస్తుంది. అయితే అప్పటికే పూర్తిగా పాడైపోయిన నరం తిరిగి బతకదు. రోగం నయమైనా దాని ఆనవాలు ముఖాన, చేతిన మిగిలిపోయేది ఇందుకే. శస్త్రచికిత్స పని అక్కడ మొదలవుతుంది.

మోచేతి గుబ్బకు దెబ్బ తగిలినప్పుడు చిటికెన వేలిదాకా జివ్వుమంటుంది కదా, ఆ నరమే చాలామందిలో ముందుగా దెబ్బతింటుంది. అప్పుడు అరచేతిలోని చిన్న కండరాలు చచ్చుబడి వేళ్లు కొంకర్లు పోతాయి. కొంకర్లు పోయిన చేత్తో అన్నం కలపవచ్చు గాని ముద్ద పట్టడం కుదరదు. వేళ్ల మొదళ్లు వంగి, వేళ్లు మాత్రం చాచి ఉండి, బొటనవేలు వాటికి ఎదురుగా వచ్చినప్పుడే ముద్ద నిలుస్తుంది. ఈసారి భోజనం చేసేటప్పుడు మీ చేతిని గమనించండి.

తమిళనాడులోని కొల్లి కొండల్లో 1914లో పుట్టిన పాల్ బ్రాండ్ అనే ఆంగ్ల సర్జన్, 1946లో వేలూరు వైద్య కళాశాలకు వచ్చాడు. చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రిలో వంకరపోయిన ఒక చేతిని పట్టుకుని గట్టిగా నొక్కమంటే, ఆ పట్టుకు నొప్పి పుట్టి తానే చెయ్యి లాక్కోవలసి వచ్చిందట. అరచేయి చచ్చుబడినా ముంజేతి కండరాలు బలంగానే ఉన్నాయని ఆయన గ్రహించాడు. ఒక్కొక్క వేలును వంచడానికి మనకు రెండేసి స్నాయువులు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాళ్ల వంటివి, ఉంటాయి. ఒక వేలి నుంచి వాటిలో ఒకదానిని తీసుకుని, దాని కొసను నాలుగు పాయలుగా చీల్చి, నాలుగు వేళ్ల పక్కలకు కుడతారు. తోలుబొమ్మకు ఒక చేతి దారాన్ని విప్పి మరో చేతికి కట్టడం వంటిదే ఇది.

మూడు నాలుగు వారాల తరువాత పిండికట్టు విప్పేవారు. నా పని అప్పుడు. “ఉంగరం వేలు వంచు” అని చెప్పేదాన్ని. రోగి తన అలవాటు కొద్దీ ఆ ఒక్క వేలినే వంచబోతే నాలుగు వేళ్లూ మొదళ్ల దగ్గర ఒక్కసారిగా వంగేవి. అది చూసి నవ్వనివారు తక్కువ. పాత కండరానికి కొత్త పని నేర్పడం కత్తి పట్టడం కన్నా తేలికని మాత్రం నేను ఒప్పుకోను.

ఇక ఆ కన్ను సంగతి. ముఖంలోని నరం దెబ్బతింటే రెప్ప మూతపడదు. దుమ్ము పడి, ఎండిపోయి, చివరికి చూపు పోయే ప్రమాదం ఉంటుంది. నమలడానికి పనికివచ్చే కండరం ఒకటి మన కణతల మీద ఉంది. దానికి వచ్చే నరం వేరు కనుక అది చెడదు. ఆ కండరం నుంచి ఒక పాయను రెప్పల్లోకి నడిపిస్తారు. అప్పటి నుంచి పళ్లు బిగిస్తే కన్ను మూసుకుంటుంది. రాలిపోయిన కనుబొమ స్థానంలో తల మీది చర్మాన్ని వెంట్రుకలతో సహా తెచ్చి అతుకుతారు. ఆ వెంట్రుకలు తలకట్టులాగే పెరుగుతూ పోతాయి కనుక అప్పుడప్పుడు కత్తిరించుకోవాలి! ఇది అలంకారం కాదా అని కొందరు అడుగుతారు. కనుబొమలు లేని ముఖాన్ని చూడగానే ఊరు రోగాన్ని పోల్చుకునే రోజుల్లో అది అలంకారం కాదు, అద్దె ఇల్లు దొరకడం.

లోపలి దూలం కుంగిపోయిన ముక్కును నిలబెట్టడానికి తుంటి ఎముక ముక్కను వాడతారు. ముక్కు పూర్తిగా పోతే నుదుటి చర్మమే ఆధారం. ఇది మన దేశంలో చాలా పాత విద్య. టిప్పు సుల్తాన్ సైన్యానికి పట్టుబడి ముక్కు, ఒక చెయ్యి పోగొట్టుకున్న కావస్‌జీ అనే బండివానికి పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒకాయన ముక్కు చేసిన తీరు, 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. మైనంతో ముక్కు నమూనా చేసి, దానిని నుదుటి మీద పరిచి గీత గీసి, కనుబొమల మధ్య చిన్న పాయ మిగిల్చి చర్మాన్ని ఒలిచి, కిందికి తిప్పి అతికించాడు. కట్టుకు వాడినది నీటిలో మెత్తబరచిన కాచు, అంటే తాంబూలంలో వేసుకునేదే. ఇరవై అయిదో రోజు ప్రాంతంలో ఆ పాయను కోసేవారట. 1814లో కార్ప్యూ అనే సర్జన్ లండన్‌లో ఇదే పద్ధతిని అనుసరించాడు.

అయితే ఏ శస్త్రచికిత్సా స్పర్శను తిరిగి ఇవ్వలేదు. బాగుపడిన చేయి కాలుతున్న గిన్నెను కూడా అంతే గట్టిగా పట్టుకుంటుంది. నిద్రలో ఎలుకలు కొరికినా రోగికి మెలకువ రాకపోవడం గమనించి, బ్రాండ్ బృందం ఇళ్లకు వెళ్లేవారికి పిల్లులను ఇచ్చి పంపేది. వేళ్లు రాలిపోయేది రోగం వల్ల కాదు, ఇటువంటి గాయాలు ముదరడం వల్ల. అందుకే రోజూ సాయంత్రం చేతులు, పాదాలు తిప్పి తిప్పి చూసుకొమ్మని చెప్పేదాన్ని.

కుష్ఠు రోగులను వేరుగా ఉంచడానికి 1898లో చేసిన చట్టం 2016లో గాని రద్దు కాలేదు. విడాకులకు ఈ రోగాన్ని కారణంగా చూపే వీలు 2019లో పోయింది. మీ ఒంటి మీద గాని, తోటివారి ఒంటి మీద గాని పాలిపోయిన మచ్చో, ఎర్రని మచ్చో ఉండి, దురద పెట్టకుండా, గిల్లినా తెలియకుండా ఉంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. మందులు ఉచితం. నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకపోతే స్టెరాయిడ్ మాత్రలతో దానిని కాపాడగల అవకాశం ఉంది.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ