ఇంట్లో నింపిన తూటా, ఫ్యాక్టరీ తూటా: ఈ పంచాయితీ ఎప్పటిది

.270, .308, .30-06, 7×57 లాంటి మీడియం కాలిబర్ వేట రైఫిల్ ఉన్నవాళ్ల మధ్య ఒక పంచాయితీ ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. కొట్లో డబ్బా కొనుక్కుని తెచ్చిన ఫ్యాక్టరీ తూటా చాలా, లేక ఖాళీ కేసులు దాచుకుని ఎవరి తూటాలు వాళ్లే నింపుకోవాలా అని. పాత వేటగాళ్లు ఫ్యాక్టరీ సరుకుని నమ్మొద్దు అంటారు, కొత్తగా వచ్చినవాళ్లు అదంతా చాదస్తం అంటారు. నాకైతే పెద్దాళ్ల మాటలో అబద్ధం ఏమీ కనపడదు, కాకపోతే అందులో సగం మాటలు సుమారుగా 1946 నుంచి 1977 మధ్య కాలానివి, ఆ కాలం పోయినా మాటలు మాత్రం మిగిలిపోయాయి.

ముందు ఒక చిన్న విషయం. మామూలుగా మనం మొత్తం తూటానే బుల్లెట్ అనేస్తాం గానీ ఇక్కడ బుల్లెట్ అంటే ముందుకి ఎగిరిపోయే ముక్క మాత్రమే. దాని వెనకాల ఇత్తడి కేసు, కేసులో మందు, కేసు అడుగున దెబ్బ తగలగానే నిప్పు పుట్టించి మందుని అంటించే చిన్న ముక్క ప్రైమర్. పేల్చాక మందు కాలిపోతుంది, బుల్లెట్ వెళ్లిపోతుంది, ప్రైమర్ పనికిరాదు, కేసు ఒక్కటే చేతికి మిగులుతుంది, తమాషా ఏంటంటే నాలుగింట్లో మామూలుగా ఎక్కువ ఖరీదు కూడా దానిదే. పారేయడానికి మనసొప్పదు కదా, హ్యాండ్‌లోడింగ్, అంటే ఇంట్లోనే మళ్లీ నింపుకోవడం (రీలోడింగ్ అన్నా అదే), పుట్టింది అక్కడే.

నిజానికి మొదట్లో అందరూ హ్యాండ్‌లోడర్లే. గొట్టం మూతి నుంచి పాతకాలపు నల్లటి తుపాకీమందు (నల్లమందు) పోసి సీసపు గుండు దూర్చే కాలంలో ఇంకో దారే లేదు, చాలా తుపాకులతో పాటే గుళ్లు పోసుకునే అచ్చు కూడా ఇచ్చేవాళ్లు. లోహపు తూటాలు వచ్చాక కథ మారింది. మొదట్లో వచ్చిన రిమ్‌ఫైర్ తూటాల్లో పేలే పదార్థం కేసు అంచులోనే ఉంటుంది కాబట్టి ఒకసారి పేల్చాక ఆ కేసు చెత్తే. ప్రైమర్ కేసు అడుగున మధ్యలో విడిగా ఉండే సెంటర్‌ఫైర్ వచ్చాకే మళ్లీ నింపుకునే వీలు వచ్చింది, అందులోనూ రెండు దారులు. 1866లో అమెరికాలో హిరామ్ బర్డాన్ ఒక రకం ప్రైమర్ తెస్తే, దాదాపు అదే సమయానికి ఇంగ్లండ్‌లో ఎడ్వర్డ్ బాక్సర్ ఇంకో రకం తెచ్చాడు. బాక్సర్ రకంలో కేసు అడుగున మధ్యలో ఒకే చిల్లు ఉంటుంది, లోపలి నుంచి సన్నటి పిన్నుతో పొడిస్తే పాత ప్రైమర్ ఊడి పడిపోతుంది. బర్డాన్ రకంలో మామూలుగా రెండు చిన్న చిల్లులు పక్కలకి ఉంటాయి, పిన్ను పనిచేయదు, కొక్కెంతో లాగాలి లేదా నీళ్ల ఒత్తిడితో తీయాలి. విచిత్రం చూడండి, అమెరికావాడు కనిపెట్టింది యూరప్‌లో స్థిరపడింది, ఇంగ్లండువాడిది అమెరికాలో స్థిరపడింది, అమెరికాలో ఇంటింటికీ రీలోడింగ్ పాకడానికి ఈ ఒక్క చిల్లు పెద్ద కారణం.

1870ల్లో అమెరికా మైదానాల్లో అడవిదున్నల వేటగాళ్లు రాత్రిపూట నెగడు దగ్గర సీసం కరిగించి అచ్చుల్లో పోసుకుని మర్నాటికి తూటాలు నింపుకునేవాళ్లు. 1884లో జాన్ బార్లో అనే ఆయన ఐడియల్ కంపెనీ పెట్టి పట్టకారులా ఉండే చేతి పరికరాలు అమ్మాడు, ఆ కంపెనీని 1925లో లైమన్ కొనేసింది.

తర్వాత ఒక దెబ్బ పడింది. 1884లో ఫ్రాన్స్‌లో పాల్ వియెల్ పొగలేని మందు చేశాడు, 1895కల్లా అమెరికాలో .30-30 వేట తూటా ఆ మందుతోనే మార్కెట్లోకి వచ్చేసింది. నల్లమందు అలవాటులో కొలత గిన్నెతో పోసేసినవాళ్లకి కొత్త మందుతో తుపాకులు పగిలాయి, ఎందుకంటే అదే గిన్నెడు కొత్త మందులో బలం చాలా ఎక్కువ. ఇంకో ఇబ్బంది ప్రైమర్లలో ఉన్న పాదరసం. నల్లమందు కాలంలో ఆ మసిలో కలిసి పోయేది, పొగలేని మందులో మసి తక్కువ కాబట్టి నేరుగా ఇత్తడిలోకి దిగి కేసుని పెళుసు చేసేది, ఇంక దాన్ని మళ్లీ నింపితే పగలడమే. పాదరసం వద్దని పొటాషియం క్లోరేట్ పెడితే అది కాలాక మిగిలే ఉప్పు గొట్టాన్ని తుప్పు పట్టించేది. 1920ల చివర్లో రెమింగ్టన్ క్లీన్‌బోర్ లాంటి తుప్పు పట్టించని ప్రైమర్లు వచ్చాకే ఊపిరి పీల్చుకున్నారు. అప్పటిదాకా మామూలు వేటగాడికి డబ్బా తూటా కొనుక్కోవడమే తెలివైన పని, ఇది హ్యాండ్‌లోడింగ్ అభిమానులు పెద్దగా చెప్పుకోని ముక్క.

ఇక 1946. యుద్ధం అయిపోయింది, అమెరికా సైన్యం దగ్గర మందు గుట్టలు మిగిలిపోయాయి. గ్యాస్ పరికరాలు అమ్మే ఉద్యోగి బ్రూస్ హాడ్జ్‌డన్, మొదటి యుద్ధం తర్వాత మిగులు మందుని ఊరికే తగలబెట్టారని తెలిసినవాడు, ఈసారి అలా పోనివ్వకూడదని జీవిత బీమా పాలసీ మీద అప్పు చేసి 50,000 పౌండ్ల బరువున్న 4895 నంబరు మందు కొన్నాడు. పెట్టడానికి గోడౌన్ లేదు, అద్దెకి తీసుకున్న పచ్చికబయలులో పాత రైలు పెట్టె ఒకటి తెచ్చి నిలబెట్టి అందులో దాచాడు! అదే తర్వాత పెద్ద వ్యాపారం అయింది. యుద్ధపు మిగులులోనే 20 మిల్లీమీటర్ల ఫిరంగి తూటాల మందు 4831 కూడా వచ్చింది, నెమ్మదిగా కాలే రకం, .270కి అతికినట్టు సరిపోయింది. ఇక్కడో జాగ్రత్త మాట, 1973లో డ్యూపాంట్ అదే 4831 నంబరుతో తన ఐఎంఆర్ రకం మందు దింపింది, అది కొంచెం వేగంగా కాలుతుంది, ఒకదాని లెక్క చూసి ఇంకోటి పోస్తే ప్రమాదం. నంబరు చూసి మందు ఒకటే అనుకోకూడదు అని రీలోడింగ్ పుస్తకాల్లో అన్నిసార్లు రాసేది ఇందుకే.

అదే రోజుల్లో మిగతా సామాన్లూ ఊపందుకున్నాయి. ఫ్రెడ్ హంటింగ్టన్ 1943లో కాలిఫోర్నియాలో మొదలుపెట్టిన ఆర్‌సీబీఎస్ పేరు రాక్‌చక్ బుల్లెట్ స్వేజ్ అనే మాటల మొదటి అక్షరాలే, వాడేసిన .22 కేసుల్ని పైతొడుగుగా చేసుకుని డైలు అనే గట్టి అచ్చులతో బుల్లెట్లు నొక్కేవాళ్లు. బుల్లెట్లు చేసే స్పీర్, సియర్రా, హార్నడీ కంపెనీలు కూడా 1943-49 మధ్య పుట్టినవే.

జాన్ నాజ్లర్ అనే వేటగాడి కథ అయితే ఈ మొత్తం పంచాయితీకి ఆయువుపట్టు. 1946లో బ్రిటిష్ కొలంబియాలో .300 మ్యాగ్నమ్‌తో ఒళ్లంతా బురద పట్టిన పెద్ద మూస్‌ని (భారీ దుప్పి లాంటి జంతువు) కొడితే ఆయన బుల్లెట్లు పైపైనే చితికిపోయాయి, లోపలికి దిగలేదు, జంతువు పడలేదు. ఇంటికొచ్చి ఆలోచించి రాగి తొడుగు మధ్యలో ఒక అడ్డుగోడ ఉండే బుల్లెట్ చేశాడు, ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం గట్టిగా ఉండి లోపలికి తోసుకుపోతుంది. 1948 నుంచి పార్టిషన్ పేరుతో అమ్మకానికి వచ్చింది. అయితే చాలా ఏళ్లు అది కావాలంటే ఎవరికి వాళ్లు నింపుకోవాల్సిందే, పెద్ద కంపెనీల మామూలు డబ్బాల్లో వాళ్ల సొంత బుల్లెట్లే ఉండేవి. నన్నడిగితే ఆ ముప్పై ఏళ్లలో హ్యాండ్‌లోడింగ్‌కి అంత పేరు రావడానికి పావు అంగుళం చిన్న గ్రూపులు, అంటే గురిబోర్డు మీద చిల్లులు ఇంకాస్త దగ్గరగా పడటం, కారణం కాదు, మంచి బుల్లెట్ అలాగే దొరికేది కాబట్టి.

ఇంకో కారణం ప్రెజర్, అంటే పేల్చినప్పుడు లోపల పుట్టే ఒత్తిడి. ఫ్యాక్టరీవాడు తూటా చేసేటప్పుడు మీ రైఫిల్ ఒక్కటే చూసుకోడు, ఆ తూటా పట్టే అన్నిటికంటే పాత, అన్నిటికంటే బలహీనమైన తుపాకీని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 8×57 మౌజర్ చూడండి. 1888 నాటి తుపాకుల్లో గొట్టం సన్నం, 1905లో జర్మన్లు కొంచెం లావు బుల్లెట్‌కి మారారు, రెండు రకాలూ జనం దగ్గర మిగిలాయి. లావు బుల్లెట్‌ని పాత సన్న గొట్టంలో పేలుస్తారేమో అన్న భయంతో అమెరికా ప్రమాణాల సంస్థ సామీ దానికి 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర ఒత్తిడి గీత గీసింది, యూరప్ సంస్థ సీఐపీ గీత మాత్రం 56,500 దాకా ఉంది. కొలిచే పద్ధతిలో కొంత తేడా ఉన్నా ఇంత దూరం దాని వల్ల రాదు. 7×57కి కూడా అంతే, సామీది 51,000, సీఐపీది 56,500. అందుకే గట్టి కొత్త రైఫిల్ ఉన్న మనిషి అమెరికన్ డబ్బా తూటా పేల్చి ఇదేంటి ఇంత నీరసంగా ఉంది అనుకునేవాడు, ఆ పైనున్న ఖాళీని హ్యాండ్‌లోడింగ్‌తో పూడ్చుకునేవాడు. కానీ .270కి సామీ గీతే 65,000, .308కి 62,000, అక్కడ ఫ్యాక్టరీవాడే దాదాపు కొస దాకా వెళ్తాడు, ఇంట్లో నింపుకుంటే వేగం ఎక్కువ వస్తుందనే మాట వీటి విషయంలో పెద్దగా నిలబడదు. ఏ తూటా గురించి మాట్లాడుతున్నామో చెప్పకుండా ఈ వాదన పెట్టుకునేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

వైల్డ్‌క్యాట్లు కూడా ఉన్నాయి, అంటే ఫ్యాక్టరీ అమ్మని తూటాల్ని ఉన్న కేసుల మెడ మార్చి తయారు చేసుకోవడం. .25-06 అలా దశాబ్దాలు ఇళ్లల్లో తిరిగి 1969లో రెమింగ్టన్ డబ్బాలోకి ఎక్కింది, 7ఎంఎం-08 1980లో.

1977లో ఫెడరల్ అనే తూటాల కంపెనీ ప్రీమియం పేరుతో కొత్త వరుస తెచ్చి అందులో నాజ్లర్ పార్టిషన్, సియర్రా లాంటి బయటి బుల్లెట్లు పెట్టి అమ్మింది. అక్కడితో హ్యాండ్‌లోడర్ చేతిలోని తురుపు ముక్క కొట్లోకి వచ్చేసింది, మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. 2007లో హార్నడీ 6.5 క్రీడ్‌మూర్ దింపినప్పుడైతే ఫ్యాక్టరీ తూటాతోనే బాగా కొట్టాలి అన్నదే దాని లక్ష్యం, పైగా లోపల ఏ మందు ఎంత పోశారో డబ్బా మీదే అచ్చేశారు, కావాలంటే మీరే నింపుకోండి అన్నట్టు. రెండు వందల గజాల్లో జింకని కొట్టేవాడికి ఈ రోజు మంచి డబ్బా తూటాకీ ఇంట్లో నింపినదానికీ తేడా తెలియాలంటే కష్టమే.

డబ్బు మిగులుతుందన్న మాట 2020 తర్వాత ఇంకా బలహీనపడింది. ప్రైమర్లు చేసేది కొద్ది కంపెనీలే, వాటిలో ఎక్కువ సొంత తూటాలూ అమ్ముతాయి, కొరత వచ్చినప్పుడు ప్రైమర్లు ముందు వాటి తూటాల్లోకే వెళ్లాయి, విడిగా కొట్లోకి వచ్చింది తక్కువ. కేసులు బస్తాలకి బస్తాలు దాచుకున్నవాళ్లు కూడా ఆ చిన్న ముక్క కోసం తిరిగారు.

మరోవైపు సీసం మీద నిషేధాలతో కొత్త ఖాళీ ఒకటి తెరుచుకుంది. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకి సీసం లేని తూటాలే వాడాలి. .308, .30-06కి రాగి బుల్లెట్ డబ్బాలు ఎన్ని రకాలైనా దొరుకుతాయి. కానీ 1915 నాటి .250 సావేజ్ పట్టుకున్న మనిషికి అంత సులువు కాదు, రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకి బుల్లెట్ పొడుగవుతుంది, ఆ పాత గొట్టాల్లో గాడి 14 అంగుళాలకి ఒక్క చుట్టే తిరుగుతుంది, పొడుగు బుల్లెట్‌ని అది నిలకడగా తిప్పలేదు. తక్కువ బరువు, పొట్టి రాగి బుల్లెట్ వెతుక్కుని, దాచుకున్న కేసులు బయటికి తీసి, ఆయన మళ్లీ తూటాలు నింపే ప్రెస్ ముందు కూర్చుంటున్నాడు.