ఆర్మీ భర్తీ పేరుతో జరిగే మోసాలు: అపోహలు – వాస్తవాలు

పోయిన ఏడాది ఒక తండ్రి నా దగ్గరికి వచ్చాడు. "సార్, ఇంకో లక్షన్నర సర్దితే మావాడి పేరు లిస్టులో వేయిస్తామంటున్నారు. మీకు తెలిసినవాళ్లెవరైనా వడ్డీకి ఇస్తారా?" అని అడిగాడు. అప్పటికే రెండు లక్షలు ఇచ్చేశాడు. వాళ్లబ్బాయి పద్నాలుగు నెలలుగా నా గ్రౌండ్‌లో పరిగెడుతున్నవాడే. ర్యాలీలో (ఆర్మీ భర్తీకి పెట్టే శారీరక పరీక్షల్లో) పరుగు మొదటి గ్రూపులో ముగించాడు, బీమ్ (కడ్డీ పట్టుకుని తీసే పుల్‌అప్స్) పది తీశాడు, రాతపరీక్ష అంతకుముందే బాగా రాశాడు. వాడికి ఎవరి సాయమూ అక్కర్లేదని చెబితే తండ్రి నమ్మలేదు. "డబ్బు లేకుండా ఈ రోజుల్లో ఏ పని అవుతుంది సార్" అన్నాడు.

నేను హవల్దారుగా రిటైరయ్యాను. సర్వీసులో ఆఖరి మూడేళ్లు రిక్రూటింగ్ ఆఫీసులో ర్యాలీల కాగితం పని చూశాను. ఇప్పుడు పిల్లలకు శిక్షణ ఇస్తున్నాను. గేటుకు లోపల ఏం జరుగుతుందో, బయట ఏం చెప్పుకుంటారో రెండూ చూసినవాణ్ని కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: "పని అయితేనే డబ్బు, కాకపోతే వాపస్. ఇందులో మనకు పోయేదేముంది?"

వాస్తవం: నేను చూసిన మోసాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క మాట మీదే నడిచాయి. ఎలాగో చెబుతాను. దళారి ఒకడు ర్యాలీకి వెళ్లే ఇరవై మంది ఇళ్లకు తిరుగుతాడు. తలా రెండు లక్షలు అడ్వాన్స్ తీసుకుంటాడు. ఆ తర్వాత అతను చేసే పనంటూ ఏమీ లేదు. ఎవరికీ ఫోన్ చేయడు, ఎవరినీ కలవడు, రిజల్ట్ వచ్చేదాకా ఇంట్లో కూర్చుంటాడు. ఇరవై మందిలో నలుగురో ఐదుగురో సొంత కష్టంతో సెలెక్ట్ అవుతారు. వాళ్లిచ్చిన డబ్బు అతనిదే. మిగతావాళ్లకు "ఈసారి పై ఆఫీసరు మారిపోయాడు" అని చెబుతాడు. కొందరికి నెలల తరబడి తిప్పి తిప్పి ఇచ్చేస్తాడు, కొందరిని వచ్చే ర్యాలీలో చూద్దామంటాడు.

డబ్బు తిరిగొచ్చినవాళ్లు "మనిషి మాట మీద నిలబడ్డాడు" అని ఊళ్లో చెబుతారు. సెలెక్టయినవాళ్లు "మా పని చేసిపెట్టాడు" అని చెబుతారు. మరుసటి ర్యాలీకి అతని దగ్గరికి యాభై మంది వస్తారు.

పిల్లాడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి పడిన కష్టాన్నే ఆ ఇంటికి మళ్లీ అమ్ముతున్నాడన్నమాట. అందుకే దళారులు వెనకబడ్డ పిల్లల జోలికి పెద్దగా పోరు. గ్రౌండ్ల చుట్టూ తిరిగి, ఎవరి టైమింగ్ ఎంతో కనుక్కుని, బాగా పరిగెత్తేవాళ్ల ఇంటి తలుపే తడతారు. మంచి టైమింగ్ ఉన్న పిల్లల పేర్లిస్తే తలకింతని ఇస్తానని నన్నే అడిగినవాళ్లున్నారు.

డబ్బు సంగతి అలా ఉంచితే నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటి. అలా చేరిన పిల్లాడు తన యోగ్యతతో వచ్చానని జీవితాంతం నమ్మలేడు.

అపోహ: "మెరిట్ లిస్టులో పేరు వేయించేవాళ్లు ఉంటారు."

వాస్తవం: ముందు సెలక్షన్ ఎలా జరుగుతుందో తెలుసుకోండి. ఇదివరకు ర్యాలీ ముందు, రాతపరీక్ష తర్వాత ఉండేవి. 2023 నుంచి తిరగేశారు. ఇప్పుడు ముందు కంప్యూటర్ మీద కామన్ ఎంట్రన్స్ ఎగ్జామ్ రాయాలి. అందులో నిలిచినవాళ్లనే ర్యాలీకి పిలుస్తారు. అభ్యర్థి కట్టే ఫీజు 250 రూపాయలు. 2025 పరీక్ష తెలుగులో కూడా పెట్టారు. ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు 5 నిమిషాల 30 సెకన్లలోపు పూర్తిచేస్తే 60 మార్కులు, 5 నిమిషాల 45 సెకన్లలోపైతే 48. బీమ్ పది తీస్తే 40. తొమ్మిది అడుగుల గొయ్యి దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ దాటితే చాలు, వాటికి మార్కులుండవు. రాత మార్కులు, ఈ మార్కులు, ఎన్‌సీసీ, క్రీడల్లాంటి బోనస్ ఏదైనా ఉంటే అదీ కలిపి మెరిట్ కడతారు.

ఆంధ్రప్రదేశ్‌లో గుంటూరు, విశాఖపట్నం, తెలంగాణలో సికింద్రాబాద్ రిక్రూటింగ్ ఆఫీసులు ఈ పని చూస్తాయి. నోటిఫికేషన్, అడ్మిట్ కార్డు, రిజల్ట్ అన్నీ జాయిన్ ఇండియన్ ఆర్మీ వెబ్‌సైట్‌లో వస్తాయి. ఏజెంట్లంటూ ఎవరినీ నియమించరు. రిజల్ట్ రావడానికి రెండు రోజుల ముందు "మీవాడి పేరు నేను చూశాను, మిగతాది రెడీ చేసుకోండి" అని ఫోన్ వస్తే, అతను ఏ లిస్టూ చూడలేదు. అదే రోజు అదే మాట ఇరవై ఇళ్లకు చెప్పి ఉంటాడు.

అపోహ: "లోపలివాళ్లకూ వాటా ఉంటుంది, అందుకే ఎవరూ పట్టుబడరు."

వాస్తవం: లోపల తప్పు ఎప్పుడూ జరగలేదని నేను అనను. 2021 ఫిబ్రవరిలో జనరల్ డ్యూటీ (మామూలు సిపాయి పోస్టుల) రాతపరీక్ష పేపర్ పుణెలో లీకైంది. అదే ఏడాది మార్చిలో, ఆఫీసర్ల ఎంపికలో లంచాలు తీసుకున్నారన్న ఆరోపణ మీద లెఫ్టినెంట్ కల్నల్ స్థాయి అధికారులతో సహా పలువురు సైనిక సిబ్బందిపై సీబీఐ కేసు పెట్టింది. ఈ రెండూ నేను దాచాల్సినవి కావు. కానీ లీకైన పరీక్ష ఏమైందో కూడా చూడాలి. దేశమంతటా రద్దయింది. పేపర్ కొన్నవాళ్ల డబ్బు పోయింది, నిజాయితీగా చదివిన లక్షల మంది పిల్లల సమయం పోయింది.

ఇంకొక సంగతి దళారి మీకు చెప్పడు. ఆర్మీ చట్టం, 1950లో 43వ సెక్షన్ మోసంతో చేరడం గురించి, 44వ సెక్షన్ చేరేటప్పుడు తప్పుడు జవాబులివ్వడం గురించి. రెండింటికీ ఐదేళ్ల దాకా జైలు పడొచ్చు. దొంగ నివాస ధ్రువపత్రం, సైనికుడి బంధువునని చెప్పే దొంగ రిలేషన్‌షిప్ సర్టిఫికెట్, దొంగ ఎన్‌సీసీ సర్టిఫికెట్ ఈరోజు ర్యాలీ గేటు దాటించొచ్చు. వెరిఫికేషన్ తర్వాత జరుగుతుంది. సర్వీసులో చేరాక బయటపడితే పంపించేస్తారు. సర్టిఫికెట్ తయారుచేసి ఇచ్చినవాడి పేరు ఆ ఫైల్లో ఎక్కడా ఉండదు. మీవాడి సంతకం మాత్రం ఉంటుంది.

అపోహ: "అకాడమీలో ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టడం మామూలే."

వాస్తవం: మామూలైపోయింది, నిజమే. మామూలైనంత మాత్రాన సరైంది కాదు. పది మెమో, టీసీ, ఖాళీ చెక్కు, సంతకం పెట్టిన ప్రామిసరీ నోటు తీసుకుని, "సెలెక్టయ్యాక మూడు లక్షలు ఇస్తే తిరిగిస్తాం" అంటారు. ఇది కోచింగ్ ఫీజు కాదు. కోచింగ్ ఫీజంటే నెలకింతని, హాస్టల్‌కింతని, రసీదుతో ఉంటుంది. పిల్లాడు సెలెక్టయినా కాకపోయినా అదే ఉంటుంది. సెలెక్టయితే ఎక్కువ ఇవ్వాలి అన్నారంటే, వాళ్లమ్ముతున్నది శిక్షణ కాదు, సెలక్షన్. సెలక్షన్ వాళ్ల చేతిలో లేదు.

ఒరిజినల్స్ ఎవరి దగ్గరుంటే పిల్లాడు వాళ్లు చెప్పినట్టు వినాలి. నా గ్రౌండ్‌కు వచ్చిన ఒక కుర్రాడికి ఆర్మీతో పాటు కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షకూ పిలుపొచ్చింది. మెమో ఇవ్వమని అడిగితే అకాడమీ వాళ్లు రేపు మాపు అన్నారు. ఆ తేదీ కాస్తా వెళ్లిపోయింది. ఇవ్వనంటే పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు చేయొచ్చు, బోర్డు నుంచి డూప్లికేట్ తెచ్చుకోవచ్చు. వాటికి వారాలు పడుతుంది, ర్యాలీ ఆగదు. చేర్చేటప్పుడే జిరాక్సులు ఇచ్చి, ఒరిజినల్స్ ఇంటికి పట్టుకెళ్లండి. ఒప్పుకోకపోతే ఆ గేటు దాటి లోపలికి వెళ్లకండి.

ఎవరి మాట వింటున్నామన్నదాని గురించి ఇక్కడే ఇంకో మాట. 2022 జూన్ 17న అగ్నిపథ్‌కు (సైన్యంలోకి నాలుగేళ్లకే తీసుకునే భర్తీ పథకానికి) వ్యతిరేకంగా సికింద్రాబాద్ స్టేషన్‌లో గొడవ జరిగింది. పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు చనిపోయాడు, ఎంతోమంది మీద కేసులు పెట్టారు. వాట్సాప్ గ్రూపుల్లో పిలుపులు చూసి రైలెక్కిన పిల్లలున్నారు. విధ్వంసంలో పాల్గొనలేదని అభ్యర్థులు హామీపత్రం ఇవ్వాలని, పోలీసు వెరిఫికేషన్ తప్పదని సైన్యం ఆ వెంటనే చెప్పింది. నిరసన తప్పని నేను అనడం లేదు. ముందుకు తోసేవాళ్లు మీ వెనక నిలబడరని మాత్రం చెబుతున్నాను.

అపోహ: "ర్యాలీ రోజు పొద్దున్నే ఇంజెక్షన్ వేయించుకుంటే టైమింగ్ వస్తుంది."

వాస్తవం: రాదు. ఆ సూదిలో ఏముందో వేసేవాడికీ తెలియదు. దొరికితే అక్కడికక్కడే బయటికి పంపుతారు. దొరక్కపోతే ఇంకా ప్రమాదం. నొప్పి తెలియకుండా పరిగెత్తి మోకాలు పాడుచేసుకున్న పిల్లల్ని చూశాను.

అపోహ: "మెడికల్‌లో అన్‌ఫిట్ అంటే డబ్బు అడుగుతున్నట్టే."

వాస్తవం: ర్యాలీ మెడికల్‌లో ఏదైనా లోపం కనబడితే, అప్పీలుకు అవకాశం ఉన్న చోట మిలిటరీ ఆసుపత్రిలో స్పెషలిస్టు దగ్గరికి రివ్యూకు పంపుతారు. అది హక్కు. దానికోసం ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. చెవిలో గులిమి, పంటి సమస్యల్లాంటివి చికిత్సతో పోతాయి కాబట్టి చాలామంది రివ్యూలో ఫిట్ అవుతారు. గేటు బయట నిలబడి "రివ్యూ డాక్టర్ మనవాడే" అనేవాడు ఆ సంగతి తెలిసినవాడే. నోటిఫికేషన్ రాకముందే దగ్గర్లోని మంచి డాక్టరు చేత చెవులు, కళ్లు, పాదాలు, హైడ్రోసిల్, వెరికోసిల్ చూపించుకోండి. వాడి బేరానికి ఆస్కారమే ఉండదు.

అపోహ: "జాయినింగ్ లెటర్ వచ్చింది, యూనిఫాం ఇచ్చారు, జీతం పడుతోంది. ఇక అనుమానం ఎందుకు?"

వాస్తవం: 2022లో బయటపడిన పఠాన్‌కోట్ కేసు మా వృత్తిలో అందరినీ నిలువునా కదిలించింది. ఉత్తరప్రదేశ్ కుర్రాడొకణ్ని సిపాయిగా పనిచేసిన వ్యక్తే నమ్మించి, యూనిఫాం తొడిగించి, నెలల తరబడి కాపలా పని చేయించాడని కేసు నమోదైంది. జీతమంటూ అకౌంట్‌లో డబ్బు కూడా పడేదట. తాను ఆర్మీలో చేరలేదని ఆ కుర్రాడికి చాలా ఆలస్యంగా తెలిసింది.

అసలు చేరిక ఇలా ఉంటుంది: మెరిట్ లిస్టులో నంబరు వచ్చాక రిక్రూటింగ్ ఆఫీసుకు పిలుస్తారు, కాగితాలు చూసి అక్కడే ఎన్‌రోల్ చేస్తారు, అక్కడి నుంచి ట్రైనింగ్ సెంటర్‌కు డిస్పాచ్ చేస్తారు. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ పట్టుకుని ఎవరూ సైనికుడు కాలేదు.

అపోహ: "నాలుగేళ్ల తర్వాత ఎలాగూ పర్మనెంట్ చేస్తారు. పైగా సర్కారు పన్నెండు లక్షలు ఊరికే ఇస్తుంది."

వాస్తవం: ఇది అబద్ధం కన్నా ప్రమాదం, ఎందుకంటే సగం నిజం. అకాడమీల పోస్టర్ల మీద పెద్దక్షరాల్లో ఉండేది ఈ సగమే. మిగతా సగం నేను చెబుతాను.

అగ్నిపథ్ కింద చేరినవాణ్ని అగ్నివీర్ అంటారు. అగ్నివీర్ సర్వీసు శిక్షణతో కలిపి నాలుగేళ్లు. ఆ తర్వాత రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకునేది 25 శాతం వరకే. అంటే నలుగురిలో ముగ్గురు ఇంటికి రావడానికి సిద్ధపడాలి. జీతం మొదటి ఏడాది 30,000, తర్వాత 33,000, 36,500, 40,000. ఇందులో 30 శాతం కార్పస్ ఫండ్‌కు, అంటే చివర్లో ఒకేసారి ఇచ్చే నిధికి, కోస్తారు. మొదటి ఏడాది చేతికి వచ్చేది 21,000. నాలుగేళ్లలో అలా పిల్లాడి జీతం నుంచి పోయేది 5.02 లక్షలు. ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షల సేవా నిధి వస్తుంది, దాని మీద ఆదాయపు పన్ను లేదు. అందులో సగం పిల్లాడి సొంత జీతమే. రెగ్యులర్ కేడర్‌కు ఎంపికైనవాళ్లకు ఆ నిధి కింద వచ్చేది తమ వాటా, దాని మీద వడ్డీ మాత్రమే.

నాలుగేళ్లకు బయటికొచ్చేవాళ్లకు పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడి హోదా లేదు. సర్వీసులో ఉన్నంతకాలం 48 లక్షల జీవిత బీమా ఉంటుంది, దానికి జీతం నుంచి కోయరు. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్ లాంటి కేంద్ర సాయుధ బలగాల్లో మాజీ అగ్నివీరులకు రిజర్వేషన్ ప్రకటించారు. రిజర్వేషన్ అంటే పోటీలో చోటు, ఉద్యోగం చేతికిచ్చినట్టు కాదు.

ఇవన్నీ తెలిసి కూడా వెళతానన్న పిల్లాణ్ని నేను సంతోషంగా పరిగెత్తిస్తాను. పదిహేడున్నరేళ్లకే క్రమశిక్షణ, జీతం, చేతిలో కొంత సొమ్ము, కొందరి ఇళ్లకు అది చాలా పెద్ద విషయం. తెలియక వెళ్లేవాణ్ని చూస్తేనే భయం. ఇరవై రెండో ఏట తిరిగొచ్చి ఏం చేయాలో మొదటి రోజే ఆలోచించుకున్నవాడు సర్వీసులో ఉండగానే చదువుకుంటాడు.

అపోహ: "నచ్చకపోతే మధ్యలో వచ్చేయొచ్చు."

వాస్తవం: కుదరదు. అసాధారణ పరిస్థితుల్లో తప్ప సొంత కోరిక మీద నాలుగేళ్లలోపు వదలరు. చెప్పకుండా వచ్చేస్తే అది నేరం.

అపోహ: "విదేశీ సైన్యంలో హెల్పర్ పని మాత్రమే, యుద్ధానికి పంపరు."

వాస్తవం: ఇక్కడ సెలక్షన్ రాక నిరాశపడ్డ పిల్లల్ని లాక్కెళ్లే వల ఇది. రష్యాలో హెల్పర్, సెక్యూరిటీ ఉద్యోగాలని, మంచి జీతమని వీడియోలు పెట్టి మన కుర్రాళ్లను తీసుకెళ్లారు. అక్కడ తమకు రాని భాషలో ఉన్న కాగితాల మీద సంతకాలు పెట్టించారు. ఉక్రెయిన్ యుద్ధరంగానికి పంపారు. 2024 మార్చిలో హైదరాబాద్ యువకుడి మరణవార్త వచ్చింది. అదే నెలలో సీబీఐ మానవ అక్రమ రవాణా కేసు పెట్టి పలు నగరాల్లో సోదాలు చేసింది. ఆ జూలైలో ప్రధాని మాస్కోలో ఈ విషయం లేవనెత్తాకే చాలామంది విడుదలకు దారి దొరికింది. తెలంగాణకు చెందినవాళ్లూ తిరిగొచ్చారు.

ఏ దేశపు సైన్యంతో ఒప్పందమైనా, అందులో పని పేరు ఏదైనా, సంతకం పెట్టాక మిమ్మల్ని ఎక్కడ నిలబెట్టాలో వాళ్లిష్టం. విదేశీ ఉద్యోగం చూపించే ఏజెంటు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదై ఉండాలి. అతను తీసుకోగల సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షలు అడిగాడంటే లైసెన్సు నంబరు అడగండి.

డబ్బు ఇప్పటికే ఇచ్చేసినవాళ్లు చాలామంది ఫిర్యాదు చేయరు. "లంచమిచ్చామని మన మీదే కేసు పెడతారేమో, పిల్లాడి ఉద్యోగం పోతుందేమో" అని భయపడతారు. దళారికి కావలసింది ఆ భయమే. ఫోన్‌పే, బ్యాంకు లావాదేవీలు, వాయిస్ మెసేజీలు చెరపకుండా ఉంచండి. ఆన్‌లైన్‌లో పంపిన డబ్బైతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. చేతికిచ్చినదైతే ఒక వకీలును వెంటపెట్టుకుని స్టేషన్‌కు వెళ్లండి.

మొదట చెప్పిన ఆ తండ్రికి చివరికి ఎవరూ అప్పివ్వలేదు, లక్షన్నర కట్టలేదు. అయినా వాళ్లబ్బాయి పేరు లిస్టులో వచ్చింది. రిజల్ట్ వచ్చిన సాయంత్రమే దళారి ఇంటికి వచ్చి, బాకీ ఉన్న డబ్బు ఇమ్మని కూర్చున్నాడట. అప్పుడు నాకు ఫోన్ చేశాడు. నేను వెళ్లేసరికి ఆ మనిషి లేడు. ముందిచ్చిన రెండు లక్షల కోసం ఇప్పుడు కేసు నడుస్తోంది.